డిస్కులో చేను

సంగారెడ్డి,
జూలై నెలాఖరు, శనివారం.

నా బంగారు నిహారికకు,

ఈ కవరు చూసి కంగారుపడకు. నాన్న బాగున్నాడు, నేనూ బాగున్నాను, జోగిపేట బడిలో నా ఉద్యోగమూ బాగానే ఉంది. ఇన్నేళ్లలో ఎన్నడూ లేనిది ఇప్పుడు ఉత్తరమెందుకు అంటావేమో. ఫోన్ చేస్తే నువ్వు మొదటి మాటకే నవ్విస్తావు. ఆ నవ్వులో పడి నేను చెప్పాల్సింది మింగేసి, "సరే, ఉంట మరి" అని పెట్టేస్తాను. చాలాసార్లు అలాగే అయింది. ఇదివరకైతే మన వీడియో ఆట డిస్కు పెట్టెలో ఒక చీటీ పెట్టి పంపేదాన్ని. ఇప్పుడు పెట్టే లేకుండా పోయింది కదా, ఇక చీటీకి చోటెక్కడ? అందుకే ఈ కాగితాలు.

నువ్వు పంపిన మెసేజ్ ఇంకా నా ఫోన్లోనే ఉంది. "ఏంజీ, ఇగ నుంచి ఆటలన్ని డిజిటల్ కాపీలే కొంటున్న. డౌన్‌లోడ్ చేస్కుంటె అయిపోతది. నువ్వు డిస్కులు మోసుకొని రావాల్సిన పని లేదు." అంతే రాశావు. బడిలో ఇంటర్వెల్‌లో చదివాను. నా పక్కన కూర్చునే లెక్కల టీచరు సృజన, "ఏందే, మొఖం గట్ల పెట్టినవ్?" అని అడిగితే, ఎండ అన్నాను. బయట వాన పడుతోంది.

నీకది మామూలు కబురే. అందరూ అలాగే మారుతున్నారు. నాకు మాత్రం అందులో ఒక్క ముక్కే వినిపించింది: నువ్వు రావాల్సిన పని లేదు. ఎందుకలా వినిపించిందో చెప్పాలంటే కొంచెం వెనక్కి వెళ్లాలి. విసుక్కోకుండా చదువు.

డిగ్రీ చదివేటప్పుడు ఇస్మాయిల్‌ఖాన్‌పేటలో మీ ఇంటికి మొదటిసారి వచ్చిన రోజు గుర్తుందా? మీ రాజశేఖరన్న ఉద్యోగానికి పుణె వెళ్తూ తన పాత కన్సోల్ వదిలేసి వెళ్లాడు. పరీక్షకు చదువుకుంటున్నామని మీ అమ్మకు చెప్పి తలుపు దగ్గరగా వేసి కూర్చున్నాం. కార్ల పందెం ఆట. రిమోట్ తిప్పితే కారు తిరుగుతుందని నాకు తెలియదు, నా ఒళ్లంతా తిప్పేదాన్ని. మీ అమ్మ మురుకులు పట్టుకొని లోపలికి వచ్చి, టీవీ చూసి, మనల్ని చూసి, "గిదేం పరీక్షే?" అంది. నువ్వు తడుముకోకుండా "డ్రైవింగు" అన్నావు. ఆవిడ నమ్మలేదు కానీ మురుకులు మాత్రం పెట్టి వెళ్లింది. మీ ఇంట్లో నాకు ఏ గిన్నెలో పెట్టారని నేను ఎన్నడూ చూసుకోలేదు. చూసుకోవాలని తట్టనేలేదు.

తర్వాత నాకు ఉద్యోగం వచ్చి, సెకండ్ హ్యాండులో నేనూ ఒక కన్సోల్ కొనుక్కున్నాను. నీకు పటాన్‌చెరులో మందుల కంపెనీ ల్యాబులో పని దొరికింది. ఒక్కో ఆటా ఇద్దరం కలిసి ఒక్కటే కొనేవాళ్లం. పెట్టె లోపలి అట్ట మీద ఇద్దరి పేర్లూ రాసేవాళ్లం. ముందు ఒకరు ఆడి ముగించాలి, తర్వాత రెండోవాళ్లకు పంపాలి. కథ చెప్పకూడదు, కానీ చీటీలో ఒక్క సాయం మాట రాయొచ్చు. నువ్వు రాసిన చీటీలు ఎలా ఉండేవో తెలుసా? "వాడు మంచోడు కాదు, నమ్మకు." అది చదివాక ఆట పొడుగునా ఎవడు కనపడినా అనుమానమే. చివరికి చూస్తే నువ్వు చెప్పింది గుర్రం గురించి.

డిస్కు నా లంచ్ బ్యాగులో రొట్టెల డబ్బా పక్కనే ప్రయాణం చేసేది. సంగారెడ్డి బస్టాండులో నీ కంపెనీ బస్సు ఆగే కాసేపట్లో కిటికీలోంచి అందుకునేదానివి. ఒకసారి బస్సు కదిలిపోయింది. నేను పరుగెత్తాను, క్లీనరు తలుపు దగ్గర చెయ్యి చాపి అందుకుని, "మందులా అమ్మా?" అన్నాడు. నేను ఆయాసంలో అవునన్నాను. ఆయన దాన్ని నీ దాకా ఎంత భద్రంగా తెచ్చి ఇచ్చాడో నువ్వే చెప్పి నవ్వావు. ఒక డిస్కు మీద గీత పడితే, వంతెన దగ్గరికి రాగానే ఆట ఆగిపోయేది. పళ్ల పేస్టు రాసి, చున్నీ అంచుతో నడుమ నుంచి బయటికి తుడిచి, ఊది, మళ్లీ పెట్టేవాళ్లం. అది లోపలికి లాక్కుని గిర్రున తిరిగే చప్పుడు విని ఊపిరి పీల్చుకునేవాళ్లం. నాకు ఆ చప్పుడంటే ఇప్పటికీ ఇష్టం. ఎవరో లోపల మేలుకున్నట్టుంటుంది.

నీ పెళ్లయింది. శ్రీకాంతన్న మంచివాడు, మన పిచ్చిని చూసి నవ్వుతాడే గాని అడ్డం చెప్పడు. నువ్వు షిఫ్టులు మారుతుంటే బస్టాండు కుదరక, ఆదివారం చర్చి అయ్యాక నేనే పటాన్‌చెరు వచ్చేదాన్ని. మీ ఇంటి మెట్లెక్కుతుంటే కంపెనీల వైపు నుంచి ఆ ఘాటు వాసన వచ్చేది. నాకది నీ వాసనే అయిపోయింది. ఇప్పుడు చెప్పాల్సిన మాట చెబుతాను.

మీ అత్తమ్మ ధనలక్ష్మి గారు చాయ్ తెచ్చేవారు. నీకు, శ్రీకాంతన్నకు, తనకు పింగాణీ కప్పులు. నాకు కాయితం గ్లాసు. మొదటిసారి, కప్పులు తక్కువయ్యాయేమో అనుకున్నాను. రెండోసారి, ఏదో ఫంక్షనులో మిగిలినవి వాడేస్తున్నారేమో అనుకున్నాను. అనుకోవడానికి మనిషికి చాలా దొరుకుతాయి. ఒకసారి నువ్వు స్నానానికి వెళ్లినప్పుడు, ఆవిడకు సాయం చేద్దామని వంటింటి గడప దాకా వెళ్లి, గూట్లో ఉన్న కప్పు అందుకోబోయాను. ఆవిడ గబగబా అడ్డం వచ్చి, "నీకెందుకు బిడ్డా గా తిప్పలు? నువ్వు పొయ్యి కూసో. నీకు కాయితం గ్లాసయితె మంచిగుంటది, కడుగుడు లేదు" అన్నారు. కోపంగా అనలేదు. ఎంతో మెత్తగా అన్నారు. అందుకే ఇంకా గుచ్చుకుంది.

మా నాన్న సొలొమోను సారు దగ్గర ఈ జిల్లాలో ఎంతమంది చదువుకున్నారో నీకు తెలుసు. నేను పిల్లలకు తెలుగు పాఠం చెబుతాను, వాళ్ల ఇళ్లకు వెళ్తే కుర్చీ వేస్తారు. అయినా ఆ గడప దగ్గర నా చెయ్యి గాలిలో ఆగిపోయినప్పుడు నాకు ఏ మాటా రాలేదు. నీకు చెప్పలేదు. చెబితే నువ్వు ఇంట్లో గొడవ పెట్టుకుంటావు, లేదా పెట్టుకోవు. రెండో దానికే నేను ఎక్కువ భయపడ్డాను. ఆ తర్వాత కూడా వచ్చాను. తల దించుకుని చాయ్ తాగేసి, డిస్కు ఇచ్చి, డిస్కు తీసుకుని వచ్చేసేదాన్ని. డిస్కు ఉంది గనుక వస్తున్నానని నాకు నేను చెప్పుకునేదాన్ని.

ఇప్పుడు నువ్వు డిస్కే వద్దన్నావు. నీకూ ఆ గ్లాసు కనపడే ఉంటుంది, ఎవరినీ నొప్పించకుండా తేలిక దారి వెతుక్కున్నావు అనుకున్నాను. నిన్ను తప్పు పట్టడం లేదు. ఆ ఇంట్లో ఉండేది నువ్వు. నీ వంతు డిస్కులన్నీ ఒక సంచిలో సర్దాను. ఆ వ్యవసాయం ఆట ఒక్కటే మిగిలింది, నా వంతు కదా, ఇంకా ఆడుతున్నాను. అదయ్యాక దాన్నీ అందులోనే వేస్తాను. శ్రీకాంతన్న ఇటు వచ్చినప్పుడు తీసుకెళ్లమను. నేను ఇక ఆదివారాలు రాను. ఫోన్లో మాట్లాడుకుందాం, మామూలుగానే.

కోపం లేదు. నిజంగా లేదు. బస్టాండు మీదుగా వెళ్లినప్పుడల్లా ఆ కిటికీ గుర్తొస్తుంది, అంతే.

నీ,
ఏంజెలిన్

---

పటాన్‌చెరు,
ఆగస్టు మొదటివారం.

ఏంజీ, నా పిచ్చి తల్లీ,

పదో తరగతి పరీక్షలో "సెలవు కోరుతూ ప్రధానోపాధ్యాయునికి లేఖ" రాశాక నేను రాస్తున్న మొదటి ఉత్తరం ఇదే. తప్పులుంటే ఎర్ర సిరాతో దిద్దుకో. నీ ఉత్తరం ల్యాబులో విప్పాను. చేతులకు గ్లోవ్స్ ఉన్నాయని కళ్లు తుడుచుకోలేకపోయాను. మా ఇన్‌చార్జి మధుబాబు సారు ఏదో రసాయనం కళ్లలో పడిందనుకుని కుళాయి దగ్గరికి లాక్కుపోయాడు. కాసేపు ఊరికే కళ్లు కడుక్కున్నాను.

ముందు గ్లాసు సంగతి. నేను చూశాను. మొదటిసారి చూడలేదు, రెండోసారి చూశాను. నువ్వు మెట్లు దిగగానే అడిగాను. "గిదేంది అత్తమ్మా?" అన్నాను. ఆమె ఆశ్చర్యపోయింది. "ఏముంది దాంట్ల? మా ఇండ్లల్ల ఎప్పటిసంది గట్లనే. నేనేమన్న తిట్టిన్నా, కొట్టిన్నా? చాయ్ పోసిచ్చిన గదా" అంది. ఆ రోజు చాలా మాటలయ్యాయి. ఆమె మారలేదు. నేను ఆమె చేతులోంచి కప్పు లాక్కోలేను కదా, అందుకని ఆ తర్వాత నువ్వు వచ్చినప్పుడు నేనూ కాయితం గ్లాసు తెచ్చుకుని అందులోనే తాగాను. చివరిసారి శ్రీకాంత్ కూడా అందులోనే తాగాడు. కప్పులో తాగింది ఆమె ఒక్కతే. నువ్వు చూడలేదు ఏంజీ. తల దించుకున్నావు.

ఇక డిజిటల్ సంగతి. ఇది ఎవ్వరికీ చెప్పనని అత్తమ్మకు మాటిచ్చాను. నీ ఉత్తరం వచ్చాక ఆమె దగ్గరికే వెళ్లి, "నేను చెప్పేస్త, నువ్వేమన్న అనుకో" అని చెప్పి మరీ రాస్తున్నాను.

నువ్వు తెచ్చిన ఆ వ్యవసాయం ఆట నాకు నచ్చలేదు. దున్నడం, విత్తడం, మళ్లీ దున్నడం. ఇస్మాయిల్‌ఖాన్‌పేటలో చూసిందే కదా అనుకున్నాను. ఒకరోజు ఊరికే దాన్నే ఆడుతుంటే అత్తమ్మ తలుపు దగ్గర నిలబడి చూసింది. తర్వాత ఇక ఆగలేకపోయింది. "గట్ల అడ్డం తిప్పుతవేందే ట్రాక్టరు? సాలు మీద సాలు పడుతుంది. గట్టెంబడి పోనియ్యి." నేను చేతకాక రిమోట్ ఆమెకిచ్చాను. ఆమె దాన్ని చాటలా రెండు చేతులతో పట్టుకుంది. ఆ పూట ట్రాక్టరును రెండుసార్లు చెరువులో పడేసింది. మర్నాడు నేను డ్యూటీ నుంచి వచ్చేసరికి మక్క మొలిచింది.

నీకు తెలుసో లేదో, అత్తమ్మ వాళ్లకు కంది ఊళ్లో భూమి ఉండేది. మామయ్య ఉన్నప్పుడే కొంచెం కొంచెంగా అమ్ముడుపోయి, ఇప్పుడు ప్లాట్లయింది. బస్సులో అటు వెళ్తే ఆమె రెండో వైపు చూస్తూ కూర్చుంటుంది. ఈ ఇంట్లో ఆమెకు బాల్కనీలో రెండు కుండీలే ఉన్నాయి. ఆ ఆట దొరికాక మధ్యాహ్నం నిద్ర మానేసింది. సీరియళ్లు మానేసింది. కూర మాడింది. శ్రీకాంత్ షిఫ్టు దిగి వచ్చి ఆకలని కేకలేస్తే, "ఒర్రకురా, కోత మీదున్న" అంది. మేమిద్దరం వంటింట్లోకి పోయి నోరు నొక్కుకుని నవ్వాం.

తర్వాత నీ వంతు వచ్చింది, డిస్కు నువ్వు తీసుకెళ్లావు. ఆమెకు ఆ సంగతి తెలియదు. మర్నాడు టీవీ పెడితే, డిస్కు పెట్టమని తెర మీద వచ్చింది. నేను వచ్చేసరికి రిమోట్ ఒళ్లో పెట్టుకుని అలాగే కూర్చుని ఉంది.

"నా చేనేమాయె?" అంది.

"చేను ఉన్నది అత్తమ్మా, దీంట్లనె ఉన్నది. కని డిస్కు లేకుంటె తెరుసుకోదు. డిస్కు ఏంజెలిన్ దగ్గరున్నది."

ఆమె నా ముఖంలోకి చూసింది. "గా పిల్ల దగ్గరున్నదా నా చేను?"

ఆ రాత్రి అన్నం కలుపుకుని ముద్ద నోట్లో పెట్టుకోకుండా కూర్చుంది. ఆమె మనసులో ఏం తిరిగిందో నాకు తెలియదు, ఊహించి రాయను. "అడిగితె ఇస్తది గదా, ఇంకొన్ని రోజులు ఉంచుకుంటనని చెప్పరాదు" అన్నాను. "గా పిల్లను నేనేం మొఖం పెట్టుకొని అడుగుదునే" అంది. మొట్టమొదటిసారి అంది ఆ మాట. నాకు ఆమె మీద కోపమూ వచ్చింది, జాలీ వేసింది. మర్నాడు అదే ఆట డిజిటల్ కాపీ కొనేశాను. డౌన్‌లోడ్ అయ్యాక, ఆమె ఎక్కడ వదిలిందో చేను అక్కడే ఉంది. కోతకొచ్చిన మక్క కూడా అలాగే నిలబడి ఉంది.

డిస్కు లేకుండా చేను ఎలా వచ్చిందని ఆమెకు ఇప్పటికీ నమ్మకం కుదరలేదు. "ఇది మన దగ్గరనే ఉంటదా? ఎవలన్న తీస్కపోతరా?" అని అడుగుతుంది. నా అకౌంటు ఉన్నంతకాలం ఉంటదని చెప్పాను. "అంటె పట్టా నీ పేరు మీద ఉన్నట్టు. చేతుల కాయితం మాత్రం లేదు" అంది. నేను నవ్వాను కానీ, ఏంజీ, ఆమె అన్నది నిజమే. మన డిస్కు పెట్టె మీద ఇద్దరి పేర్లుండేవి. ఇందులో నీ పేరు రాయడానికి చోటే లేదు. అది నాకూ బాధే. నీ చీటీ లేని ఆట ఆడుతుంటే ఎవరూ లేని ఇంట్లో తిరుగుతున్నట్టుంది. ఆ సంచి మాత్రం పంపకు. పంపితే వాకిట్లోంచే వెనక్కి పంపిస్తాను.

ఆ మెసేజ్ నేను టెస్టుకూ టెస్టుకూ మధ్య, నీకు మోత తప్పుతుందని రాశాను; అత్తమ్మ సంగతి చెప్పకూడదు గనుక ఆటలన్నీ అనేశాను. నువ్వు రావద్దని నేనెందుకంటానే? ఆదివారం వస్తే గేటు చప్పుడు విని లేచేది నేనే.

ఒక సంగతి ఆలోచించావా? నీ దగ్గర డిస్కు ఉంది, మా దగ్గర కాపీ ఉంది. ఇన్నేళ్లలో మొదటిసారి ఒకే ఆట రెండిళ్లలో ఒకేసారి తెరుచుకుంటుంది. ఒకరి చేనులోకి ఒకరు రావచ్చట, హెడ్‌ఫోన్ పెట్టుకుంటే మాట్లాడుకోవచ్చట. అత్తమ్మకు చెప్పాను. చాలాసేపు ఆలోచించి, "గా పిల్ల చేను ఎట్లున్నదో సూస్త. రమ్మంటదేమో అడుగు" అంది. అడుగుతున్నాను. వద్దంటే వద్దనే చెప్పు, నాకు అర్థమవుతుంది.

నీ,
నిహారిక

---

సంగారెడ్డి,
ఆగస్టు, ఆదివారం పొద్దున.

నిహారికా, నా తోడూ,

నిన్న సాయంత్రం ఆటలో నా చేనుకు వచ్చి మీ అత్తమ్మ నాతో ఏం మాట్లాడారో నువ్వు సగమే విన్నావు. మధ్యలో నీకు ఫోన్ వచ్చి బయటికి వెళ్లావు. మిగతా సగం నేను చెబుతాను.

నీ ఉత్తరం చదివి కొన్ని రోజులు ఊరుకున్నాను. నువ్వు కాయితం గ్లాసు పట్టుకున్నావన్న చోట చాలాసార్లు ఆగాను. అదే గదిలో, అదే సోఫాలో నా పక్కనే కూర్చుని ఉన్నావు. తల ఎత్తి ఉంటే చూసేదాన్ని. ఆవిడను రమ్మనాలా వద్దా అన్నది మాత్రం తేలలేదు. నాన్నకు చదివి వినిపించాను. ఆయన అంతా విని, "రమ్మను. కని నీ చేన్ల నువ్వు నిలబడు" అన్నాడు.

నా చేనుకు నేను పెట్టుకున్న పేరు నీకు చెప్పలేదు కదా. ఆటలో మొదలుపెట్టగానే పేరు అడిగితే, ఏమీ ఆలోచించకుండా "ఏసమ్మ చేను" అని కొట్టాను. ఏసమ్మ మా నాయనమ్మ. జోగిపేట చుట్టుపక్కల ఆవిడ నాటు వేయని మడి లేదంటాడు నాన్న. సొంతానికి మాత్రం ఎన్నడూ గజం నేల లేదు. దాహమైతే దోసిలి పట్టేది, పైనుంచి పోసేవాళ్లు. నాన్న చిన్నప్పుడు ఆ దోసిలి పక్కన నిలబడి చూశాడు. నాకు ఒకే ఒక్కసారి చెప్పాడు.

మీ అత్తమ్మ వచ్చారు. ఆ ఆటలో యజమాని ఒప్పుకుంటే గాని బయటివాళ్లు గడ్డిపోచ కూడా పీకలేరు. గేటు దగ్గర ఆవిడ బొమ్మ, నీలం చొక్కా వేసుకుని, టోపీ పెట్టుకుని నిలబడి ఉంది. నువ్వు బట్టలు మార్చడం నేర్పలేదు కాబోలు, మగ బొమ్మే. నాకు నవ్వొచ్చింది. అప్పుడే నువ్వు బయటికి వెళ్లావు.

"పేరు రాసున్నది. ఏసమ్మ ఎవరు బిడ్డా?" అన్నారు.

"మా నాయినమ్మ."

"ఆమెకు చేనుండెనా? ఏడ?"

"లేకుండె అమ్మా. ఎన్నడు లేకుండె."

"మరి?"

"మీ అసొంటోళ్ల చేన్లల్ల చేసింది. నీళ్లు దోసిట్ల తాగింది."

హెడ్‌ఫోన్లో మీ ఫ్యాను తిరిగే చప్పుడు మాత్రం వినిపించింది. ఆవిడ పెట్టేసి వెళ్లిపోతారనుకున్నాను. నీలం చొక్కా కదల్లేదు. నేను కూడా కదల్లేదు. మాట వెనక్కి తీసుకోలేదు. ఆ గడప దగ్గర రాని మాట ఇక్కడ వచ్చింది. నా చేను కదా.

అప్పుడు ఆవిడ అన్నారు. "మా అత్త జేసింది జూసి నేను జేసిన. తప్పో ఒప్పో ఎన్నడు సోచాయించలె. నువ్వు డిస్కు పట్టుకపోయిన నాడు కూసోని సోచాయించిన." ఆ తర్వాత, "ఏం మాట్లాడాల్నో నాకు తెల్వదు బిడ్డా" అన్నారు.

నేను పర్వాలేదు అనలేదు. నిహారికా, అనాలనిపించింది, నోటి దాకా వచ్చింది, ఆపుకున్నాను. "అమ్మా, మీ ఇంటికి మల్ల వస్త. కని మీరు తాగే కప్పులనే తాగుత. మీ అందరితోని కూసోనే తింట. గట్లయితెనే వస్త" అన్నాను.

"రా" అన్నారు. అంతే, ఆ ఒక్క మాటే.

తర్వాత ఆవిడ చేనంతా చూసి, "కలుపు మస్తుగున్నది. ఎవలు జూస్తలేరా దీన్ని? తియ్యమంటవా?" అని అడిగారు. మా నాయనమ్మ పేరున్న నేలలో మీ ఇంటి పెద్దామె పని అడుగుతోంది. అది టీవీలో బొమ్మల చేనే, నాకూ తెలుసు. అయినా ఒప్పుకునే బటన్ మీద వేలు పెట్టి ఎంతసేపు ఉన్నానో. చివరికి నొక్కాను. ఆవిడ ట్రాక్టరుకు కలుపు యంత్రం తగిలించుకుని గట్టు వెంబడి మొదలుపెట్టారు. నువ్వు చెప్పింది నిజమే, సాలు మీద సాలు పడనివ్వరు. పక్కన నేను ఇంకో ట్రాక్టరు నడుపుతుంటే, "బిడ్డా, జెర దూరం. మొక్క మీదికెక్కుతున్నవ్" అని గదిమారు. నువ్వు తిరిగొచ్చి "ఏం మాట్లాడుకుంటుర్రు?" అని అడిగితే, ఇద్దరం "కలుపు" అన్నాం. అప్పుడు నీకు అర్థం కాలేదు, ఇప్పుడు అవుతుంది.

ఈ ఉత్తరం పోస్టు చేయను. చర్చి అయ్యాక బస్సెక్కి నేనే తెస్తాను, నీ చేతికే ఇస్తాను. మీ అత్తమ్మ ఇచ్చిన మాట ఎంతవరకు నిలుస్తుందో మీ ఇంటికొస్తే గాని తెలియదు. ఒకవేళ నిలవకపోతే మెట్లు దిగి వచ్చేస్తాను, నువ్వు ఆపకు. అయినా నీ దగ్గరికి రావడం మాత్రం మానను.

పొద్దున లేవగానే ఒకసారి ఆట పెట్టి చూశాను. చేనంతా శుభ్రంగా ఉంది. ఉత్తరం వైపు మూలలో మాత్రం ట్రాక్టరు తిరగలేదేమో, కొంచెం కలుపు మిగిలిపోయింది. అది నేను తీసేశాను.

నీ,
ఏంజెలిన్